మేస్త్రి తినని కుకీలు

ఆ సోమవారం పొద్దున మేస్త్రి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆరున్నరకు ఒక గిన్నెడు కూరగాయల సూపు, ఒక ఉడికించిన గుడ్డు. ఎనిమిదింటికి బావమరిదితో కలిసి తాళ్ళకు వేలాడే తొట్టి ఎక్కి, ఇరవై రెండో అంతస్తు నుంచి అద్దాలు తుడుచుకుంటూ కిందికి రావడం. పదకొండింటికి, భార్య లెక్కపెట్టి డబ్బాలో పెట్టిచ్చిన రెండు కుకీలు తినడం. ఇంతే. రెండు నెలలు తిరిగేసరికి పెద్దాఫీసు నుంచి ఒక అధికారి దిగివచ్చి పనంతా ఆపించేంత ప్రమాదం ఇందులో ఏ మూల దాక్కుందో ఎవరైనా చెప్పగలరా? మేస్త్రీ చెప్పలేకపోయాడు.

ఎత్తైన భవనాలకు బయటివైపు అద్దాలు తుడిచే ఎనిమిదిమంది ముఠాకు ఆయన పెద్ద. ఇరవై ఏళ్ళ సర్వీసు. నేలమీద ఉన్నంతసేపూ ఆయన బల్లలకు మోకాళ్ళు కొట్టుకుంటూ, తలుపులకు భుజాలు రాసుకుంటూ తిరిగే భారీ మనిషి. తొట్టిలోకి ఎక్కాడా, అంతే, వేరే మనిషి అయిపోతాడు. రబ్బరు పట్టీ పైనుంచి కిందికి ఒక్క గుంజు గుంజితే అద్దంమీద నీటి చుక్క మిగలదు. గాలి వీస్తున్నా పాటలు పాడతాడు. ఇంట్లో ఒక్క పాటా పాడడు.

అలాంటి మనిషికి కొత్త తొట్టి వచ్చి పడింది. పాతదానికి నోరు లేదు, ఎంత బరువెక్కినా మోసేది. కొత్తదానికి అడుగున ఏదో మీట పెట్టారు. ఇద్దరు మనుషుల బరువు కలిపి నూట అరవై కిలోలు దాటితే ఎర్రదీపం వెలిగి, కీచుమని అరిచి, అంగుళం కూడా కదలనంటుంది. మొదటి రోజే ముఠా అంతా చూస్తుండగా బావా బావమరుదులు ఎక్కడం, అది అరవడం, ఇద్దరూ దిగడం అయిపోయింది. మేస్త్రి తొంభై ఒకటి, బావమరిది డెబ్బై ఐదు. మొత్తం నూట అరవై ఆరు. పాత తొట్టిని విప్పడానికి రెండు నెలలు గడువుంది కాబట్టి అంతదాకా దానిమీద చెయ్యండి, ఆపైన బరువు తగ్గకపోతే జంట విడగొడతానన్నాడు సూపర్‌వైజర్. బావమరిదిని వేరే భవనానికి పంపుతాడట. మేస్త్రి కింద లాబీలో నేల తుడిచే మిషను పట్టుకోవాలట. అది తప్పు పనేమీ కాదు. కానీ ఆ మాట విన్న సాయంత్రం మేస్త్రి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండా కుర్చీలో కూలబడి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో భార్య అది చూడటం మొదటిసారి.

ఆరు కిలోలు తగ్గాలి. ఎవరు తగ్గాలన్నదాని మీద చర్చ జరగలేదు. భార్య, ఆమె తమ్ముడు, ఆఖరికి మేస్త్రి కూడా మేస్త్రి పొట్ట వైపే చూశారు. బావమరిది ఎంత తిన్నా ఒంటికి పట్టని మనిషని కుటుంబంలో పేరు. కాబట్టి అతని డెబ్బై ఐదు గోడకు కొట్టిన మేకులాగా స్థిరపడిపోయింది. మళ్ళీ అతన్ని తూచాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

భార్య ఒక బడిలో రసాయనశాల సహాయకురాలు. పిల్లలు ఆమెను గ్రాముల మేడమ్ అంటారు. ఏదైనా సరే తూచందే పొయ్యదు, కొలవందే కలపదు. బడిలో నర్సు ఆమెకొక సలహా చెప్పింది. తీపి పూర్తిగా మాన్పిస్తే మనిషి పదిరోజులు బుద్ధిగా ఉండి, పదకొండో రోజున డబ్బా మొత్తం ఖాళీ చేస్తాడు, అందుకని రోజూ కొంచెం పెట్టండి, కానీ అదీ లెక్కలోనే పెట్టండి అని. గ్రాముల మేడమ్‌కు కావలసింది సరిగ్గా ఇలాంటి సలహానే. వెన్న నాలుగో వంతుకు దించి, మిగతా చోట ఆపిల్ గుజ్జు వేసింది. చక్కెర సగం కోసింది. మైదాలో సగం తీసేసి ఓట్స్ పొడి కలిపింది. తీపి తగ్గిన సంగతి నాలుకకు తెలియకుండా కాస్త దాల్చినచెక్క చల్లింది. ఒక్కో కుకీ ఇరవై గ్రాములు, అరవై ఐదు కేలరీలు. మేస్త్రికి రోజుకు పదహారు వందల కేలరీలు నిర్ణయించి, రెండు కుకీలకు పోయే నూట ముప్ఫైని రాత్రి బ్రెడ్డులోంచి తగ్గించి, ఇదంతా పొడుగాటి రికార్డు పుస్తకంలో రాసింది.

ఆదివారం సాయంత్రం ఓవెన్‌లోంచి తీసిన మొదటి కుకీని మేస్త్రి రుచి చూశాడు. అంచు కరకరలాడింది, మధ్యలో మెత్తగా కరిగింది. ఆయనకు కళ్ళు మూతలు పడ్డాయి. తెరిచి చూసేసరికి చెయ్యి దానంతటదే పళ్ళెం వైపు పోతోంది. ఆ క్షణంలో మేస్త్రికి తన సంగతి తనకు పూర్తిగా తెలిసిపోయింది. ఆ నర్సు లెక్క వేరేవాళ్ళకు పనికొస్తుంది. తనకు రెండు అనే అంకె లేదు. తింటే డబ్బా తినాలి, లేకపోతే అసలు ముట్టకూడదు.

కాబట్టి సోమవారం పదకొండింటికి, పదిహేనో అంతస్తు దగ్గర, పథకంలో ఒక చిన్న మార్పు చేశాడు. డబ్బా తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"ఇవి నువ్వు తినెయ్. అక్కతో మాత్రం అనకు."

"ఏం బావా, బాగాలేవా?"

"బాగున్నాయి. అదే వచ్చిన చిక్కు."

సాయంత్రం ఇంటికెళ్ళగానే భార్యకు నిజం చెప్పెయ్యాలనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. కానీ తలుపు తీసేసరికి ఆమె రికార్డు పుస్తకం తెరిచి, పెన్సిలు చెక్కుకుని, బల్ల దగ్గర సిద్ధంగా ఉంది. పదిహేనేళ్ళుగా ఎవరెవరో చేసిన ప్రయోగాలకు సీసాలు కడిగిన మనిషి ఆమె. ఇది ఆమె సొంత ప్రయోగం. ముఖం అంత వెలిగిపోతుంటే ఏ మొగుడికి నోరొస్తుంది? మేస్త్రి నీళ్ళు నమిలి, బాగున్నాయని అన్నాడు. బాగున్నాయంటే పుస్తకంలో ఏం రాయాలని అడిగిందామె. కరకరలాడాయా, సాగాయా, ముందు తీపి తగిలిందా, దాల్చినచెక్క తగిలిందా, పదికి ఎన్ని మార్కులు? మేస్త్రి ముందురోజు తిన్న ఒక్కదాన్నే తలుచుకుని ఏదో చెప్పి ఆ పూటకు గట్టెక్కాడు.

కానీ ఆమె రోజూ చేస్తుంది, రోజూ ఏదో ఒకటి మారుస్తుంది. ఒకరోజు గుడ్డు తెల్లసొన ఎక్కువ, ఇంకోరోజు ఓవెన్ వేడి తక్కువ. దాంతో పదకొండింటికి తొట్టిలో కొత్త కార్యక్రమం మొదలైంది. బావమరిది తింటూ చెప్పాలి, మేస్త్రి వింటూ కంఠస్థం చెయ్యాలి. మొదట్లో ఆ కుర్రాడికి బాగుంది, పరవాలేదు అన్న రెండు ముక్కలు తప్ప రాలేదు. వారం తిరిగేసరికి నోరు విచ్చుకుంది. అంచు నిన్నటికంటే ఒక అర నిమిషం ఎక్కువ కాలిందని, కొరకగానే దాల్చినచెక్క వాసన ముక్కులోకి వచ్చి ఆ తర్వాత ఆపిల్ మెల్లగా నాలుక చివరికి చేరుతోందని కళ్ళు అరమోడ్చి వర్ణించేవాడు. పొద్దున్నుంచీ సూపు మీద బతుకుతున్న మనిషికి ఈ వర్ణన రోజూ రెండుసార్లు చెప్పించుకోవలసి రావడం ఎంత నరకమో వేరే చెప్పాలా? పైగా మరిచిపోకుండా సాయంత్రం అప్పగించాలి.

ఎలాగైతేనేం, బరువు తగ్గడం మొదలైంది. ఆదివారం ఆదివారం భార్య ఆయన్ని తూచి పుస్తకంలో వేసేది. తొంభై ఒకటి కాస్తా తొంభై అయింది, తర్వాత ఇంకాస్త. ఇక్కడితో కథ అయిపోయి ఉండేది. కానీ మూడో ఆదివారం భోజనానికి వచ్చిన బావమరిది, కూర్చున్నవాడు కూర్చున్నట్టు ఊరుకోలేదు.

"అక్కా, బావకి రెండు చాలట్లేదు. పదకొండు దాటితే నీరసపడిపోతున్నాడు."

మేస్త్రి బల్ల కింద అతని కాలు తొక్కాడు. తొక్కినా లాభం లేకపోయింది. గ్రాముల మేడమ్ అప్పటికే పుస్తకం తీసింది. రెండును నాలుగు చేస్తానంది. కానీ లెక్క తప్పే మనిషి కాదు కదా, పెరిగిన నూట ముప్ఫై కేలరీలనూ రాత్రి బ్రెడ్డులో మిగిలిన ముక్కలోంచి తీసేసింది. అంటే ఏమిటి? బావమరిది నోట్లోకి రెండు కుకీలు అదనంగా వెళ్ళాయి. మేస్త్రి పళ్ళెంలోంచి బ్రెడ్డు లేచిపోయింది. మరుసటి వారం మేస్త్రి ఇంకా ఎక్కువ తగ్గాడు. తగ్గక ఏమవుతాడు?

తొట్టిలో బావమరిదిని నిలదీశాడు మేస్త్రి. నీ జిహ్వ చాపల్యానికి నా కడుపు మాడుస్తావా అని నాలుగు చీవాట్లు పెట్టాడు. అతను నిజంగానే బాధపడ్డాడు. అక్క అంత కష్టపడి చేస్తుంటే రెండేసి ఇవ్వడం చూసి, పాపం ఇంకా చెయ్యాలని ఉందేమో అనుకున్నాడట. అయినా ఒక్కోటి అరవై ఐదు కేలరీలే కదా బావా, గాలి మేసినట్టే అన్నాడు. అని డబ్బాలో నాలుగోది కూడా తీసుకున్నాడు.

ఆ పై వారం నాలుగు ఆరు అయ్యాయి, ఆరు ఎనిమిదయ్యాయి. ఈసారి బావమరిది నోరు విప్పనే లేదు. గ్రాముల మేడమే పెంచింది. ఎందుకంటే ఆమె బడి నుంచి ఒక గ్రాఫు కాగితం తెచ్చి, అడ్డంగా కుకీల సంఖ్య, నిలువుగా మొగుడి బరువు వేసి, చుక్కలు కలిపింది. కుకీలు పెరిగేకొద్దీ బరువు తగ్గుతోంది. గీత స్కేలు పెట్టి గీసినట్టుగా వచ్చింది. పదిహేనేళ్ళలో పిల్లలెవరూ అంత శుభ్రమైన గీత గీసి తేవడం ఆమె చూడలేదు. మేస్త్రి ఆ కాగితం చూసి బిత్తరపోయాడు. అందులో అబద్ధమేమీ లేదు. రెండు కుకీలు పెరిగినప్పుడల్లా ఆయన పళ్ళెంలోంచి నూట ముప్ఫై కేలరీల నిజమైన తిండి పోతోంది. గుడ్డు సగమైంది. మధ్యాహ్నం కూర పోయింది. సూపులో బంగాళాదుంపలు మాయమై, క్యారెట్ ముక్కలు నాలుగే తేలుతున్నాయి. పద్నాలుగు కుకీల దగ్గరికి వచ్చేసరికి పుస్తకంలో ఆయన తింటున్నది పదహారు వందల కేలరీలు. కడుపులోకి వెళ్తున్నది ఆరు వందల తొంభై.

పోనీ అప్పుడైనా చెప్పాడా? చెప్పబోయాడు. ఒక శనివారం ఆమె ఆ గ్రాఫును అట్టకు అంటిస్తుంటే పక్కన నిలబడి, నీతో ఒక మాట చెప్పాలన్నాడు. నేనూ మీకొకటి చెప్పాలి అందామె. నర్సు ఈ గీత చూసి, వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశంలో దీని గురించి మాట్లాడమని ఆమెను అడిగిందట. ఇన్నేళ్ళలో ఆ బడిలో ఆమెను వేదిక ఎక్కమన్నవాళ్ళు లేరు. మీదేం మాట అని ఆమె అడిగేసరికి మేస్త్రి అట్టమీదికి వంగాడు. జిగురు అట్టమీద ఎక్కువైందేమో చూడమన్నాడు.

ఇల్లు చాలదన్నట్టు బావమరిది ఆ గ్రాఫును ఫోనులో ఫొటో తీసి సూపర్‌వైజర్‌కు చూపించాడు. అక్క గొప్ప చెప్పుకోవాలన్న ముచ్చట, అంతే. సూపర్‌వైజర్ అప్పటికే దిగులుతో ఉన్నాడు. మిగిలిన మూడు జంటలూ నూట అరవైకి ఒకటో రెండో కిలోల ఇవతల ఊగిసలాడుతున్నాయి. ఆయన ఆ ఫొటోను తలుపంత సైజులో అచ్చు వేయించి సామాన్ల గది గోడకు తగిలించాడు. మేస్త్రీ మనిషే కదా, ఆయనకు పనిచేసింది మీకెందుకు పనిచెయ్యదని ముఠా అంతటికీ ఉపన్యాసమిచ్చాడు. మేస్త్రి ముందుకొచ్చి, సార్, దీన్లో నా గొప్పేమీ లేదు, అసలు నేను ఆ కుకీలు అని ఏదో అనబోయాడు.

"వినయం వద్దు మేస్త్రీ. మనకంత టైము లేదు."

ముఠా అంతటికీ కుకీల కోసం సూపర్‌వైజర్ పంపిన పిండీ ఓట్సూ బస్తాలతో ఇంటికి చేరాయి. గ్రాముల మేడమ్ బడి నుంచి రాగానే చెంగు బిగించి ఓవెన్ ముందు నిలబడేది. ఇల్లంతా పొద్దస్తమానం దాల్చినచెక్క వాసన. ఆ వాసనలో కూర్చుని మేస్త్రి నాలుగు క్యారెట్ ముక్కలు నమిలేవాడు. పనిచోట ఏడుగురూ రోజుకు పద్నాలుగేసి కుకీలు దీక్షగా తినేవాళ్ళు. తినడమే కాదు, మధ్యాహ్నం ఎవరి డబ్బా వాళ్ళు, సాయంత్రం ఇంటికెళ్ళి ఎవరి భోజనం వాళ్ళు ఎప్పటిలాగే తినేవాళ్ళు. కుకీలకు సరిపడా మిగతా తిండి తగ్గించాలని పుస్తకంలో రెండో పేజీలో స్పష్టంగా రాసి ఉంది. ఫొటో తీసింది గ్రాఫు ఒక్కదాన్నే. బొమ్మ చేతికొచ్చాక మనలో పుస్తకం తిప్పేదెవరు?

ఆ రోజుల్లో మేస్త్రికి ఎక్కడలేని చిరాకు వచ్చేది. ఆకలి ఒక చిరాకు. అదృష్టవంతుడివయ్యా, కుకీలు తింటూ కరిగిపోతున్నావని దారిన పోయేవాడల్లా భుజం తట్టడం ఇంకో చిరాకు. తన ఆకలికి దక్కాల్సిన పేరంతా ఓట్స్ పొడి కొట్టేసింది. పాటలు మానేశాడు. ఒకరోజు తొట్టిలో బావమరిది నడుముకు కట్టుకున్న రక్షణ బెల్టు రెండు రంధ్రాలు వెనక్కి జరిగినట్టు కనిపించింది. ఏమిట్రా ఇది అంటే, తడిస్తే బెల్టు బిగుసుకుంటుంది బావా అన్నాడు. మామూలు రోజుల్లో అయితే మేస్త్రి ఆ మాట నమ్మేవాడు కాదు. ఆరు వందల తొంభై కేలరీల మీద మనిషి దేన్నైనా నమ్ముతాడు.

గడువు రోజు శనివారం. పొద్దున్నే పాత తొట్టిని విప్పి లారీ ఎక్కించారు. పెద్దాఫీసు నుంచి సేఫ్టీ ఆఫీసరు ఒక కొత్త తూకం మిషను పట్టుకుని వచ్చాడు. సన్నగా, గంభీరంగా ఉన్నాడు. ఏ మాటైనా ఒక్కసారే అంటాడు. సూపర్‌వైజర్ ఆయన ముందు గొప్ప కోసం గ్రాముల మేడమ్‌ను కూడా పిలిపించాడు. ఆమె ఇస్త్రీ చేసిన చీరలో, చేతిలో అట్టకు అంటించిన గ్రాఫుతో వచ్చి మేస్త్రి పక్కన నిలబడింది. నెమ్మదిగా ఆయన చొక్కా చెయ్యి సవరించింది. ఈ రోజుతో అయిపోతుంది, సోమవారం నుంచి మళ్ళీ పైనే అనుకున్నాడు మేస్త్రి. ఆ ఒక్క ఆలోచనతోనే ఆయనకు కడుపు నిండినట్టయింది.

మొదట ఆయనే మిషను ఎక్కాడు. ఎనభై నాలుగు. ఏడు కిలోలు తగ్గాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గ్రాముల మేడమ్ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత లాంఛనంగా బావమరిదిని ఎక్కమన్నారు. ఎక్కాడు. ఎనభై మూడు.

బూట్లు విప్పించారు. జేబుల్లో తాళాలు, ఫోను తీయించారు. ఎనభై మూడే. మిషను పాడైందేమో అన్నాడు సూపర్‌వైజర్. గ్రాముల మేడమ్ ముందుకొచ్చి, నా బరువు యాభై నాలుగు కిలోల రెండొందల గ్రాములు, చూడండి అని తనే ఎక్కింది. సరిగ్గా అంతే చూపించింది. మిషను పాడవలేదు. ఎనభై నాలుగూ ఎనభై మూడూ కలిపితే నూట అరవై ఏడు. అంటే రెండు నెలలు కడుపు మాడ్చుకున్నాక జంట బరువు ఒక కిలో పెరిగింది. మిగిలిన ఆరుగురినీ ఒకరి తర్వాత ఒకరిని ఎక్కించారు. అందరిలోకీ తేలికైనవాడు డెబ్బై తొమ్మిది, బరువైనవాడు తొంభై రెండు. ఒక్క జంట కూడా నూట అరవైలో లేదు.

సేఫ్టీ ఆఫీసరు గ్రాఫు తీసుకుని చాలాసేపు చూశాడు. ఈ గీత ప్రకారం ఇలా జరగకూడదే అన్నాడు. గ్రాముల మేడమ్ ముఖం పాలిపోయింది. ప్రయోగం ఎనిమిదిమంది మీద చేస్తే ఏడుగురిమీద తలకిందులైంది. ఎక్కడ తప్పిందో, ఏ కొలత జారిందోనని పుస్తకం పేజీలు గబగబా తిప్పుతోంది. అది చూసి మేస్త్రి ఇంక తట్టుకోలేకపోయాడు.

"నీ కొలత తప్పలేదు. నేను తినలేదు."

"ఎన్ని తినలేదు?"

"మొదటి ఆదివారం ఒకటి తిన్నాను. ఆ తర్వాత ఒక్కటీ ముట్టలేదు."

ఆమె పుస్తకం మూసింది. రోజూ సాయంత్రం అంచుల గురించి, ఆపిల్ గుజ్జు గురించి అంత వివరంగా చెప్పిందెవరని అడిగింది. బావమరిది తల వంచుకుని చెయ్యెత్తాడు. పద్నాలుగు తనవీ, పద్నాలుగు బావవీ, ఇరవై ఎనిమిదీ తనే తిన్నానని, పైగా ఏనాడూ బాగాలేదన్న అబద్ధం మాత్రం చెప్పలేదని ఒప్పుకున్నాడు. సూపర్‌వైజర్ ఆకాశం వంక చూశాడు. గ్రాముల మేడమ్ మాత్రం వేళ్ళమీద ఏదో లెక్కపెడుతోంది. పదహారు వందల్లోంచి తొమ్మిది వందల పది తీసేస్తే. లెక్క తేలగానే ఆమె వేళ్ళు ముడిచేసింది. రెండు నెలలుగా ఈ మనిషికి తన చేత్తో తనే తిండి లేకుండా చేసింది.

"ఎందుకు ముట్టలేదు? బాగాలేవా?"

"ఒకటి తిన్నాక రెండోదానితో ఆగలేనని తెలిసిపోయింది. అంత బాగున్నాయి. పైకెళ్ళాలి కదా."

చుట్టూ ఇంతమంది ఉన్నారని కూడా చూడకుండా ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. కోపం కూడా వచ్చింది, దాన్నీ దాచుకోలేదు.

"ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే మొదటి పేజీలోనే రాసుకునేదాన్ని కదండీ."

సేఫ్టీ ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. అందరూ తగ్గేదాకా కొత్త తొట్టి ఎవరూ ఎక్కరన్నాడు. నాలుగు వారాలు పని బందు. సార్, నేను తగ్గాను కదా, ఎవరో ఒకరితో పైకి పంపండని మేస్త్రి బతిమాలాడు. ఎవరితో పంపమంటావని అడిగాడు ఆఫీసరు. డెబ్బై తొమ్మిది కిలోలవాణ్ణి పక్కన పెట్టుకున్నా నూట అరవై మూడు. మూడు కిలోలే కదా సార్ అన్నాడు మేస్త్రి. యంత్రం దగ్గర కదా అన్న మాట చెల్లదన్నాడు ఆఫీసరు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆఫీసరు మేస్త్రిని తలనుంచి కాళ్ళదాకా చూశాడు. రెండు నెలలపాటు కళ్ళముందు డబ్బా నిండా పెట్టుకుని ముట్టని మనిషిని తను ఇంతవరకూ చూడలేదన్నాడు. ఇంత నిగ్రహం ఉన్నవాణ్ణి పైన అద్దాలకు వృథా చెయ్యడం కంపెనీకే నష్టమట. మిగతా ఏడుగురి చేతా బరువు తగ్గించే బాధ్యత నీదే, గేటు దగ్గర ఒక కుర్చీ, ఒక బల్ల, ఈ తూకం మిషనూ ఏర్పాటు చేస్తాం, ఇకమీదట నువ్వు కిందే ఉండి వీళ్ళని చూసుకోవాలి అని ప్రకటించాడు. సూపర్‌వైజర్ ముందుగా చప్పట్లు మొదలుపెట్టాడు. బావమరిది అందరికంటే గట్టిగా కొట్టాడు. అతను పాపం నిజంగానే సంతోషించాడు. మేస్త్రి తల పైకెత్తి ఇరవై రెండో అంతస్తు వైపు చూశాడు. ఎండ పడి అద్దాలన్నీ మచ్చలు మచ్చలుగా కనిపిస్తున్నాయి. ఆయన ముఖం చూసి ఆ జనంలో చప్పట్లు కొట్టనిది ఆయన భార్య ఒక్కతే.

ఆ సాయంత్రం ఆమె గ్రాఫును చుట్టి అటకమీద పడేసింది. నర్సుకు ఫోను చేసి, సమావేశంలో మాట్లాడతాను గానీ వేరే విషయమని చెప్పింది. తమ్ముడికి ఫోను చేసి, రేపటి నుంచి నీకు సూపే అని మాత్రం చెప్పి పెట్టేసింది. ఆ తర్వాత తన మొగుడికి దేన్నీ తూచకుండా, లెక్కపెట్టకుండా, పళ్ళెం నిండా వడ్డించింది. మేస్త్రి అంతా తిన్నాడు. ఇంకాస్త పెట్టింది. అదీ తిన్నాడు. పైకి పంపనప్పుడు దేనికోసం మాడాలి అన్నాడు. ఆమె ఇంకో గరిటె వేసింది. మరుసటి రోజూ అలాగే వడ్డించింది.

సోమవారం నుంచి గేటు దగ్గర కుర్చీలో కూర్చుని మేస్త్రి అందరి బరువులూ శ్రద్ధగా పుస్తకంలో రాయసాగాడు. వారం తిరిగేసరికి తగ్గినవాళ్ళు ఏడుగురు, పెరిగినవాడు ఆయన.